కబడ్డీ పోటీలు, పోశక్క గల్లీ

2023 చలికాలంలో నేను చంద్రపూర్‌లో ట్రాఫిక్ హవల్దారుగా పనిచేస్తున్నాను. ఊళ్లోని పెద్ద మైదానానికి మెట్ల గ్యాలరీలు కట్టి, మూలమూలనా ఎత్తైన దీపాలు నిలబెట్టాక జనం దాన్ని స్టేడియం అనడం మొదలుపెట్టారు. ఆ ఏడాది అక్కడ కబడ్డీ పోటీలు జరిగాయి. పత్తి అమ్ముకున్న రైతులు కోర్పనా వైపు నుంచి జీపుల్లో వచ్చేవారు. వరోరా కుర్రాళ్లు మోటారు సైకిళ్ల మీద వచ్చేవారు. గనుల కాలనీల వాళ్లు పిల్లాపాపలతో ఆటోలు మాట్లాడుకుని వచ్చేవారు. ఎండ తగ్గినప్పటి నుంచి దీపాలు వెలిగేదాకా ఊరి వాహనాలన్నీ ఆ ఒక్క రోడ్డు మీదే ఉన్నట్టుండేది.

మా పనిలో ఒక్కొక్కరికి ఒక్కో పాయింట్ ఇస్తారు. పాయింట్ అంటే మనం నిలబడి కాపలా కాయాల్సిన చోటు. ఆ పోటీలకు నా పాయింట్ స్టేడియం ముందు రోడ్డు. పార్కింగ్ కోసం కేటాయించిన స్థలం నిండిపోయాక వచ్చే వాహనాలు ఎక్కడ సందు దొరికితే అక్కడికి దూరతాయి. దాన్ని మేం స్పిల్‌ఓవర్ అంటాం. కుండ నిండాక పొర్లే నీళ్లలాంటిదే అది. స్టేడియం వెనక ఉన్న గల్లీలన్నీ ఆ పొర్లుకు పల్లంలో ఉన్నాయి.

ఆ గల్లీల్లో ఒకదానిలో ఎక్కువ మంది మన తెలుగువాళ్లు. గనుల్లో పనిచేసి రిటైరయ్యాక కంపెనీ క్వార్టర్లు ఖాళీ చేసి, వచ్చిన డబ్బుతో చిన్న చిన్న ఇళ్లు కట్టుకున్నవాళ్లు. మా నాన్న కూడా మంచిర్యాల దిక్కు నుంచి వచ్చి గనిలో చేరినవాడే. నేను పుట్టి పెరిగింది ఇదే ఊళ్లో, బాబుపేట్‌లో. బడి అంతా మరాఠీలో సాగింది. తెలుగు అక్షరాలు మా అమ్మ దగ్గర పెద్దయ్యాక నేర్చుకున్నాను. అందుకే ఈ నాలుగు ముక్కలు రాయడానికి కూడా నాకు చాలా సమయం పట్టింది.

పోటీలు మొదలైన మొదటి వారంలోనే ఒక సాయంత్రం వైర్‌లెస్ సెట్‌లో నన్ను పిలిచారు. వెనక గల్లీ మొదట్లో ఎవరో ఒక ముసలామె రోడ్డుకు అడ్డంగా మంచం వేసుకుని కూర్చుందట. కార్లు ఆగిపోయాయి, జనం గొడవ చేస్తున్నారు, ఆమె మరాఠీలో చెబితే తెలుగులో తిడుతోంది, నువ్వెళ్లి ఆమె భాషలో చెప్పి లేపు అన్నారు.

నేను వెళ్లేసరికి నిజంగానే నులక మంచం ఒకటి గల్లీ మూతిని పూర్తిగా మూసేసి ఉంది. దాని మీద అరవై దాటిన ఒక ఆడమనిషి కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుంది. ముదురాకుపచ్చ చీర, మీద మగవాళ్ల స్వెట్టరు. ఎదురుగా కార్లు హారన్లు కొడుతున్నాయి. ఆమె వాటి వైపు కూడా చూడడం లేదు. రోడ్డు మొదటి వైపు చూస్తోంది, ఎవరి కోసమో.

పక్కన కూర్చుని, పెద్దమ్మా, పేరేంది అని అడిగాను. యూనిఫాంలో ఉన్న మనిషి తెలుగు మాట్లాడేసరికి తిరిగి చూసింది. పోశక్క అని చెప్పింది. మంచం తీయాలని నేను అన్నాను. ఆమె గొంతు పెంచలేదు.

"తీస్త బిడ్డా. మా ఆయన దవాఖాన నుంచి వస్తుండు. ఆయన ఆటో లోపలికి పోయినంక తీస్త. అప్పటిదాక ఒక్క బండిని సుత పోనియ్య."

కారణం ఏమిటో అడిగితే అప్పుడు చెప్పింది. భర్త ఓదెలుకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడు రోజులు డయాలసిస్, అంటే యంత్రంతో నెత్తురు శుభ్రం చేయించుకోవాలి. ఆయనకు ఆసుపత్రిలో దొరికింది మధ్యాహ్నం వంతు. అది ముగించుకుని తిరిగొచ్చే వేళకే ఇక్కడ కబడ్డీ జనం వచ్చి పడుతున్నారు. పోటీలు మొదలైన రెండో రోజు ఆటో గల్లీలోకి రాలేకపోయింది. ఆయన దిగి, ఆమె భుజం పట్టుకుని, నిలిపిన బండ్ల మధ్య నుంచి నడిచాడు. ఒక మోటారు సైకిల్ హ్యాండిల్ ఆయన చేతికి తగిలింది. తగిలింది మామూలు చెయ్యి కాదు. సూదులు గుచ్చడానికి డాక్టర్లు రక్తనాళాలు కలిపి కుట్టిన చెయ్యి. దాన్ని ఫిస్టులా అంటారని ఆ తర్వాత తెలుసుకున్నాను. అక్కడ నెత్తురు ఒత్తిడితో పారుతుంది. సూదులు తీసిన చోట దెబ్బ తగిలితే తొందరగా ఆగదు. గల్లీవాళ్లు గుడ్డలు చుట్టి, గట్టిగా అదిమి పట్టుకుని, ఎట్లాగో మళ్లీ ఆసుపత్రికి చేర్చారట.

"ఆ దినం నా చీర కొంగంత నెత్తురే. ఇంకోసారి గట్లయితే మనిషి దక్కడు," అంది పోశక్క. "ఆట బందు చెయ్యుమని నేనంటలేను. మా ఇంటికి మమ్ముల పోనియ్యుమంటున్న."

వెనక కార్ల వాళ్లు నన్ను చూసి ఇంకా గట్టిగా హారన్లు కొట్టారు. పోలీసులు వచ్చారంటే మంచం లేచిపోతుందని వాళ్ల లెక్క. నేను లేచి ముందు కారు డ్రైవర్‌తో ఒక ఆసుపత్రి బండి రావాలి, అది వచ్చేదాకా దారి లేదని చెప్పాను. సెట్‌లోనూ అదే చెప్పాను. తర్వాత మంచం పక్కనే నిలబడ్డాను. కాసేపటికి ఆటో వచ్చింది. ఓదెలు వెనక సీటులో ఒక పక్కకు ఒరిగి, కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి నమస్కారం పెట్టబోయి, చెయ్యి లేవక తల ఊపాడు. ఆటో లోపలికి వెళ్లిందో లేదో, మరో మాట చెప్పించుకోకుండా పోశక్క మంచం ఎత్తి గోడకు ఆనించింది. కార్లన్నీ ఒకదాని వెనక ఒకటి గల్లీలోకి దూరిపోయాయి.

ఆ మర్నాడు మా ఇన్‌స్పెక్టర్ సాహెబ్‌ను కలిశాను. ఆయన మరాఠీ మనిషి, మాట తక్కువ, విని గానీ జవాబివ్వడు. డయాలసిస్ రోజుల్లో ఆ గల్లీని మూసేయడానికి బారికేడ్ కావాలని అడిగాను. వేలమంది కోసం వేసిన బందోబస్తును ఒక్క ఇంటి కోసం ఎలా మారుస్తామని ఆయన అడిగాడు. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. కానీ ఒక్క ఇల్లే అని ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. కనుక్కుని వస్తానని చెప్పాను. ముందు ఒక రోజు ప్రయత్నించి చూడమని ఒక బారికేడ్, ఇద్దరు కానిస్టేబుళ్లను ఇచ్చాడు.

ఆ ప్రయత్నం ఘోరంగా విఫలమైంది. బారికేడ్‌ను సరిగ్గా పోశక్క మంచం వేసిన చోటే పెట్టించాను. కార్లు గల్లీ మూతి దాకా వచ్చి ఆగాయి. ముందుకు వెళ్లడానికి లేదు. వెనక్కి తిప్పుకుందామంటే వెనకే ఇంకో కారు, దాని వెనక జీపు. చూస్తుండగానే రోడ్డంతా బిగుసుకుపోయింది. గల్లీ ఖాళీగా, శుభ్రంగా ఉంది. ఓదెలు ఆటో మాత్రం మెయిన్ రోడ్డు దగ్గరే ఇరుక్కుపోయింది. చివరికి గల్లీ మగవాళ్లు ప్లాస్టిక్ కుర్చీ తీసుకెళ్లి, అందులో కూర్చోబెట్టి ఆయన్ను మోసుకొచ్చారు. కుర్చీ ముందు కాళ్లు పట్టుకున్నవాడు శంకర్ అని, పోశక్క వాళ్ల ఎదురింటివాడు. దారి పొడుగునా పోశక్క ఆ చేతిని తన రెండు చేతులతో కప్పి పట్టుకుని నడిచింది.

ఇంటి ముందు కుర్చీ దించాక నా వైపు తిరిగి, "నీ బారికేడ్ కంటె నా మంచమే నయముండె," అంది. కోపంగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. మర్నాడు పొద్దున డ్యూటీకి ముందే మామూలు బట్టల్లో ఆ గల్లీకి వెళ్లాను. పోశక్క వాకిలి ఊడ్చి ముగ్గు వేస్తోంది. ఎవరెవరికి కష్టంగా ఉందో చూపించమంటే చీపురు పక్కన పెట్టి నా వెంట వచ్చింది. ఇంటింటికీ వెళ్లాం. ఒక మరాఠీ కుటుంబంలో పక్షవాతం వచ్చిన ముసలమ్మ ఉంది. ఆమెకు వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి పోటీలు మొదలయ్యాక రావడం మానేసింది. ఇంకో ఇంట్లో ఒక నర్సు సాయంత్రం డ్యూటీకి తన స్కూటీని బయటికి తీయలేక, చీకట్లో నడిచి వెళుతోంది. ఇడ్లీ బండి పెట్టుకునే ఒకాయన అమ్మకం అయ్యాక బండిని గల్లీలోకి తేలేక రోడ్డు పక్కనే వదిలేస్తే రెండు గిన్నెలు పోయాయట. ఒక్కరు కూడా కబడ్డీ వద్దని అనలేదు. సగం ఇళ్లలో పిల్లలు ఆ ఆటగాళ్ల పేర్లు నోటికి చెబుతున్నారు.

ఒక్క శంకర్ మాత్రం ఎదురు తిరిగాడు. ఆయన ఇంటి పక్కన ఖాళీ జాగా ఉంది. పోటీల రోజుల్లో దాన్ని పార్కింగ్‌కు ఇస్తాడు. కార్లు ఆ గల్లీలోకి అంతగా ఎగబడడానికి అది కూడా ఒక కారణం. లోపల జాగా ఉందని తెలిసినవాళ్లు అటే వచ్చేవారు, దొరకనివాళ్లు ఎక్కడివక్కడ వదిలి వెళ్లేవారు. గని మూతపడ్డాక తనకు సరైన పని దొరకలేదని, ఏడాదిలో చేతిలో నాలుగు రూపాయలు ఆడేది ఈ రోజుల్లోనేనని, దాన్ని కూడా మీరు ఆపుతారా అని నన్ను నిలదీశాడు. అప్పుడు పోశక్క కల్పించుకుంది.

"శంకరూ, ఆ దినం ఆయన చెయ్యి అదిమి పట్టుకున్నది నువ్వే. నిన్న కుర్చి మోసింది సుత నువ్వే. రేపు సుత నువ్వే మోస్తవ్, నాకెరుకే. మోసేటోనివి, మోసే పనే లేకుంట చెయ్యరాదా?"

శంకర్ తన ఖాళీ జాగా వైపు ఒకసారి చూశాడు. తర్వాత, "గా మూడు దినాలు బంద్ పెడుత. మిగిలిన దినాలు మోటార్ సైకిళ్లనే పెట్టనిస్త, కార్లద్దు. కని నాకయ్యే నుక్సాన్ మీరెవ్వలు నింపరు, అది యాదికుంచుకోండ్రి," అన్నాడు. నా వైపు చూడకుండానే లోపలికి వెళ్లాడు. ఆ మాట నిజం. ఆ నష్టాన్ని ఎవరూ నింపలేదు. ఈ సంగతి రాసేటప్పుడు అది వదిలేయడం న్యాయం కాదు.

నేను చూసిందంతా ఇన్‌స్పెక్టర్ సాహెబ్‌కు చెప్పాను. ఆయన వెంటనే జీపు తీయించాడు. ఇద్దరం రోడ్డు మీద, గల్లీల్లో నడిచాం. బారికేడ్ పెట్టిన రోజు కార్లు ఎక్కడ బిగుసుకున్నాయో చూపించాను. గల్లీ మూతి దగ్గర ఆపితే ఏ బండీ తిరగలేదు. దానికి బాగా ముందు నాలుగు దారులు కలిసే ఒక చౌక్ ఉంది. అక్కడ పెద్ద లారీ అయినా తిరుగుతుంది. అక్కడి నుంచి వారం సంత జరిగే మైదానానికి నేరుగా దారి ఉంది. సంత లేని రోజుల్లో ఆ మైదానం ఖాళీ. బండ్లను గల్లీ దగ్గర ఆపడం కాదు, చౌక్ దగ్గరే మళ్లించాలి. మా భాషలో డైవర్షన్ పాయింట్‌ను వెనక్కి జరపడం. గల్లీ దగ్గర బారికేడ్ ఉన్నా, అక్కడికి వచ్చేవి ఒకటీ అరా మాత్రమే ఉండాలి.

ఆ మైదానం నుంచి స్టేడియానికి కాస్త నడవాలి. పోటీలు పెట్టినవాళ్లలో వాహనాల సంగతి చూసే పెద్దమనిషి అందుకు ఒప్పుకోలేదు. జనం నడవరు, కోపగిస్తారు, ఆట చూడకుండా వెనక్కి పోతారు అన్నాడు. ఇన్‌స్పెక్టర్ సాహెబ్ ఆయన్ను వెంటబెట్టుకుని తానే ఆ దారంతా నడిచాడు. మాట్లాడుకుంటూ నడిస్తే దూరం అనిపించలేదని ఆ పెద్దమనిషే ఒప్పుకోవాల్సి వచ్చింది. మైకులో చెప్పిస్తామని, దారిలో దీపాలు పెట్టిస్తామని మాట ఇచ్చాడు. సాహెబ్ నాకు మాత్రం ఒక షరతు పెట్టాడు. మెయిన్ రోడ్డు గనక మళ్లీ బిగుసుకుంటే గల్లీ బారికేడ్ ఆ క్షణమే తీసేయాలి, దానికి బాధ్యత నాదే.

ఇంకో చిక్కు మిగిలింది. బారికేడ్ దగ్గర నిలబడే కానిస్టేబుల్‌కు గల్లీవాడెవరో బయటివాడెవరో ఎలా తెలుస్తుంది? ప్రతివాడూ మా ఇల్లు లోపలే అంటాడు. ఈ మాట వినగానే పోశక్క నవ్వింది. అప్పటిదాకా ఆమె నవ్వడం నేను చూడలేదు. ఆ సాయంత్రం నుంచి గల్లీ ఆడవాళ్లు వంతుల వారీగా బారికేడ్ పక్కన కూర్చున్నారు. చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ, ఉల్లాకు తరుగుతూ కబుర్లు చెప్పుకునేవారు. బండి రాగానే తలెత్తి ఒకసారి చూసేవారు. మనోడే పోనియ్యుమనేవారు, లేదా తల అడ్డంగా ఊపేవారు. నర్సు స్కూటీ వెళ్లింది. ఇడ్లీ బండి వచ్చింది. ముసలమ్మకు వ్యాయామం చేయించే అమ్మాయి మళ్లీ రావడం మొదలైంది. ఓదెలు ఆటో వచ్చిన రోజు నేను చౌక్ దగ్గర ఉన్నాను. దూరం నుంచి ఆ ఆటో ఆగకుండా గల్లీలోకి మలుపు తిరగడం చూశాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక ఆటో మలుపు తిరిగితే అంత సంతోషం కలగడం అదే మొదటిసారి.

ఫైనల్ రోజు డయాలసిస్ రోజు కూడా అయింది. ఆ రోజు ముఖ్య అతిథిగా ఒక నాయకుడు వస్తున్నాడు. జనం అంతకుముందు ఎన్నడూ లేనంతగా వచ్చారు. నేను పట్టుబట్టి ఆ రోజు గల్లీ మూతి దగ్గరే పాయింట్ అడిగి తీసుకున్నాను. చౌక్ దగ్గర మావాళ్లు బండ్లను మళ్లిస్తూనే ఉన్నారు. అయితే అతిథి వెంట వచ్చిన తెల్లటి పెద్ద కార్లు మూడు, పాసులు చూపించి చౌక్ దాటి వచ్చేశాయి. స్టేడియం వెనక గేటుకు గల్లీలోంచి దగ్గర దారి అని ఎవరో చెప్పారట. మొదటి కారు వచ్చి బారికేడ్‌కు ముక్కు ఆనించింది.

ముందు సీట్లో కూర్చున్నాయన అద్దం దించి బారికేడ్ తీయమన్నాడు. ఇది ఇళ్లవాళ్ల దారి, మీకు ముందు గేటు ఉందని చెప్పాను. తన పాసు చూపించాడు. అది స్టేడియంలోకి పాసు, గల్లీలోకి కాదన్నాను. ఆయన ఫోను తీసి ఎవరితోనో మాట్లాడి, ఫోను నా చేతికి ఇచ్చాడు. అవతల మా ఇన్‌స్పెక్టర్ సాహెబ్. ముందు గేటుకు దారి ఖాళీగా ఉందా అని మాత్రమే అడిగాడు. ఉందన్నాను. సరే, నీ పాయింట్ నువ్వు చూసుకో అని ఫోను పెట్టేశాడు. ఆ మాటను ఎటు కావాలంటే అటు అర్థం చేసుకోవచ్చు. నేను నాకు కావలసిన అర్థమే తీసుకున్నాను.

అంతలో ఆడవాళ్లలో ఎవరో కేక వేశారు. మూడో కారు వెనక ఓదెలు ఆటో వచ్చి ఆగింది.

ఇప్పుడు సంగతి మారిపోయింది. ఆటో లోపలికి రావాలంటే ముందున్న మూడు కార్లు కదలాలి. ఆ కార్లను లోపలికి వదిలితే దారి ఆ నిమిషానికి ఖాళీ అవుతుంది. కానీ గల్లీ అవతలి కొసలో వెనక గేటు దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. కార్లు అక్కడ ఆగిపోయి గల్లీని నింపేస్తాయి. ఓదెలు ఇంటి ముందు దాకా ఆటో చేరదు. వదిలేస్తే ఇంక వచ్చే కార్లను ఆపే నోరు కూడా నాకు ఉండదు. బారికేడ్ తీయకూడదని నిశ్చయించుకున్నాను. చివరి కారు నుంచి మొదలుపెట్టి ఒక్కోదాన్నీ వెనక్కి నడిపించాలి.

పోశక్క నా మొహం చూసింది. ఏం చేస్తున్నానో చెప్పే వ్యవధి లేదు. కార్ల పక్క నుంచి ఆటో దగ్గరికి పరుగెత్తింది. నేను మూడో కారు దగ్గరికి వెళ్లాను. వెనక ఆగిన ఒకటి రెండు మోటారు సైకిళ్లను పక్కకు జరిపించి, ఆటోను గోడవారగా జరపమని డ్రైవర్‌కు చెప్పాను. మూడో కారు గొణుక్కుంటూ వెనక్కి వెళ్లింది. రెండోది కూడా వెళ్లింది. మొదటి కారు మాత్రం కదలలేదు. అందులోని పెద్దమనిషి చేతులు కట్టుకుని ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు.

ఆటోలో ఓదెలు కళ్లు మూసుకుని ఉన్నాడు. డయాలసిస్ తర్వాత ఒక్కోసారి బీపీ పడిపోతుంది. పెదాలు పాలిపోయి ఉన్నాయి. పోశక్క ఆయన తల తన భుజానికి ఆనించుకుని సీసాలోంచి నోట్లో కాసిన్ని నీళ్లు పోసింది. తర్వాత దిగి, మొదటి కారు దగ్గరికి నడిచి వచ్చింది. ఎవరినీ తిట్టలేదు. అద్దం దగ్గర నిలబడి తనకు వచ్చిన మరాఠీలో, నా భర్త వెనక ఆటోలో ఉన్నాడు, మీరు ఒకసారి దిగి చూసి రండి, చూశాక కూడా లోపలికి పోవాలనిపిస్తే పోండి అంది.

ఆయన దిగలేదు. దిగింది డ్రైవర్. రాజురా వైపు మనిషి అని ఆ తర్వాత తెలిసింది. ఆటో దాకా నడిచి, లోపలికి తొంగి చూసి వచ్చాడు. తన సాహెబ్ వైపు డోరు తీసి పట్టుకుని, మీరు ఈ గల్లీలోంచి నడిచి వెళ్లండి, గేటు దగ్గరే, నేను కారు ముందు వైపు తెస్తానన్నాడు. గొంతులో మర్యాద ఉంది, కానీ డోరు మాత్రం వదల్లేదు. చుట్టూ జనం చూస్తున్నారు. ఆయన దిగాడు. నేను బారికేడ్ పక్క నుంచి ఆయనకు దారి ఇచ్చాను. నడిచి వెళ్లడానికి ఆ గల్లీ ఎవరికీ మూసి లేదు. డ్రైవర్ కారును చాలా జాగ్రత్తగా, గోడకు గీసుకోకుండా వెనక్కి తీసుకెళ్లాడు.

బారికేడ్ జరిపాం. ఆటో లోపలికి వచ్చింది. శంకర్ తన ఖాళీ జాగాకు తాళ్లు కట్టి ఉంచాడు. అందులో ఒక్క బండి కూడా లేదు. ఆటో పోశక్క ఇంటి గడప దాకా వెళ్లింది. ఆయన్ను లోపలికి తీసుకెళ్లబోతుంటే ఓదెలు కళ్లు తెరిచి, గడప ముందే మంచం వేయమన్నాడు. స్టేడియం మైకులో ఆట మొదలైనట్టు చెబుతున్నారు. పోశక్క లోపలికి పోదాం పా అని కసిరింది.

"జెర ఆగు. కూత వినవడుతుంది," అన్నాడాయన.

అప్పుడు నాకు ఆయన సంగతి తెలిసింది. గనిలో చేరిన కొత్తలో కబడ్డీ ఆడేవాడట. షిఫ్టు దిగి, బొగ్గు మసి కడుక్కోకుండానే మైదానానికి పోయేవాడట. ఈ పోటీలు మొదలైనప్పటి నుంచి మంచం మీద పడుకుని మైకు వింటూనే ఉన్నాడు. ఆయనకు ఇక్కడికి వచ్చిన జట్లన్నీ తెలుసు. కొంచెం కొంచెంగా ఊపిరి తీసుకుంటూ, ఎవరు పట్టుబడ్డారో, ఎవరు తప్పించుకున్నారో నాకు వివరించాడు. నాకు డ్యూటీ ఉంది, కాసేపే నిలబడి వచ్చేశాను. ఆ సాయంత్రం మెయిన్ రోడ్డు ఎక్కడా బిగుసుకోలేదు. సంత మైదానం నుంచి జనం గుంపులు గుంపులుగా నడిచి వస్తూనే ఉన్నారు.

ఆ తర్వాత వానాకాలంలో ఓదెలు పోయాడు. ఒంట్లో జబ్బు ముదిరి, ఆసుపత్రిలోనే. కబురు తెలిసి నేను వెళ్లాను.  పోశక్క నా చెయ్యి కొంతసేపు పట్టుకుని వదిలేసింది.

మళ్లీ చలికాలం వచ్చింది, మళ్లీ పోటీలు వచ్చాయి. బందోబస్తు వేసేటప్పుడు ఆ గల్లీ సంగతి రానే వచ్చింది. పోయినసారి ఒక రోగి ఉన్నాడు కదా, ఇప్పుడు లేడు, బారికేడ్ అవసరమా అని ఒకరు అడిగారు. వెళ్లి చూసి వస్తానన్నాను. నిజానికి పోశక్క ఇంటి ముందుకు వెళ్లడానికి నాకే మనసొప్పలేదు. ఆ దారి ఎవరి కోసం తెరిపించామో ఆ మనిషి లేని గల్లీలో నిలబడి ఏం అడగాలి?

అడగాల్సిన అవసరమే రాలేదు. నన్ను చూడగానే ఆమె చెప్పులు వేసుకుని బయటికి వచ్చింది.

"వచ్చినవా. రెండు దినాల సంది చూస్తున్న," అంది. "కొసకున్న ఇంటికి బిడ్డ పురుటికొచ్చింది, దినాలు దగ్గరవడ్డయి. ఆ మరాఠోళ్ల అవ్వ ఇంక లేస్తలేదు. నా ఇంట్ల పోయేటోడు పోయిండు బిడ్డా, గల్లీల మనుషులు పోలే. బారికేడ్ ఏ దినం తెస్తవ్ చెప్పు, మా ఆడోళ్లకు వంతులు చెప్పుకోవాలె."

బారికేడ్ తెచ్చాను. ఆమె మొదటి వంతు తనే తీసుకుంది.

ఇప్పుడు నేను ట్రాఫిక్‌లో కొత్తగా చేరినవాళ్లకు పని చెబుతుంటాను. ఒక పెద్ద కార్యక్రమం వస్తోందంటే ఎంతమంది వస్తారు, ఎన్ని బండ్లు వస్తాయి, ఎక్కడ పెట్టించాలి అనే అడుగుతాం. మా కాగితాల మీద స్టేడియం పెద్దగా, చుట్టూ గల్లీలు సన్నని గీతల్లా ఉంటాయి. అందుకే ముందు ఆ గల్లీల్లోకి నడిచి వెళ్లమంటాను, యూనిఫాం లేకుండా, పొద్దుటి పూట. ఇక్కడ సాయంత్రం ఎవరు బయటికి పోవాలి, ఎవరు ఇంటికి రావాలి అని గడప గడపకూ అడగమంటాను. ఒక్క ఇల్లే కదా అని ఎవరైనా అంటే, వెళ్లి అడిగి వచ్చాక ఆ మాట మళ్లీ నాతో అనమంటాను. ఇప్పటిదాకా ఎవరూ తిరిగొచ్చి ఆ మాట అనలేదు.